వదిలేసిన ఉక్కు తెరచాప పడవను బాగుచేయడం ఎలా: తుప్పు వెతకడం దగ్గర్నుంచి నీళ్ళలోకి దించేదాకా

"ఏళ్ళ తరబడి ఒడ్డున పడి ఉన్న ఉక్కు పడవ ఒకటి దొరికింది, దాదాపు ఊరికే ఇచ్చేస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్ళకు విడివిడిగా జవాబులు రాసీ రాసీ, చివరికి అంతా ఒకచోట పెడుతున్నాను. వాళ్ళు పంపే ఫొటోలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. రంగు పెచ్చులుగా లేచిపోయి, కిటికీల కింద తుప్పు నీళ్ళు చారలు కట్టి, తాళ్ళు పాచి పట్టి ఉంటాయి. చూడగానే గుండె జారిపోతుంది. కానీ కంటికి కనిపించే ఆ తుప్పుతో పెద్ద ప్రమాదం లేదు, దాన్ని గీకి రంగు వేయొచ్చు. ఉక్కు పడవ పాడయ్యేది ఎక్కువగా లోపలి నుంచి. బయట ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి రంగు వేస్తారు. మంచాల కింద, వంటగట్టు వెనక, లంగరు గొలుసు పెట్టే గదిలో మాత్రం పడవ కట్టిన రోజు తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళు ఉండరు. అందుకే లోపల చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి.

నేను బాగుచేసింది 10 మీటర్ల పడవ. రెండేళ్ళలో అయిపోతుందనుకున్నది నాలుగేళ్ళు పట్టింది, అందులో మొదటి ఏడాదంతా తప్పు వరసలో పని చేయడం వల్ల వృథా అయింది. కింద రాసిన వరస ఆ అనుభవం మీదే.

కావలసినవి

- ఒకవైపు మొనతేలిన వెల్డింగ్ సుత్తి, గట్టి టార్చ్, చిన్న అద్దం, చెరగని మార్కర్, ఒక నోటుపుస్తకం
- అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్ (కొనక్కర్లేదు, అద్దెకు తెచ్చుకున్నా చాలు, రంగు మీద నుంచే ఉక్కు మందం కొలిచే రకం అయితే మేలు)
- యాంగిల్ గ్రైండర్, కటింగ్ డిస్కులు, ఫ్లాప్ డిస్కులు
- వెల్డింగ్ మెషిన్, పొడిగా దాచిన రాడ్లు
- పూర్తి ముఖం మాస్కు, మంచి ఫిల్టర్లు, చెవులకు రక్షణ, మంట ఆర్పే సిలిండర్లు రెండు
- గాలి ఆడించే ఫ్యాను, ఆక్సిజన్ మీటర్
- తేమ కొలిచే మీటర్, ఉక్కు వేడి కొలిచే థర్మామీటర్, రంగు మందం కొలిచే గేజ్
- కిరోసిన్, సుద్దపొడి
- మల్టీమీటర్, సిల్వర్ క్లోరైడ్ హాఫ్ సెల్ (నీళ్ళలో ఉన్న ఉక్కు వోల్టేజీని పోల్చి కొలవడానికి వాడే ఎలక్ట్రోడు)

1. కాగితాలు ముందు

వదిలేసిన పడవ అంటే యజమాని లేని పడవ అని కాదు. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందా, యార్డుకు కట్టాల్సిన బాకీ ఎంత, దాని మీద ఎవరైనా అప్పు ఇచ్చారా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది, ఇవన్నీ రాతపూర్వకంగా తేలాలి. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి ఇంతకన్నా చెప్పలేను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, సంతకాలు అయ్యేదాకా గ్రైండర్ తియ్యకండి.

2. లోపల ఖాళీ చేయండి

పరుపులు, నేల చెక్కలు, అల్మారాలు, గోడల పలకలు అన్నీ విప్పండి. ప్రతి పలక వెనక నంబరు రాసి, ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే రెండేళ్ళ తర్వాత ఏది ఎక్కడిదో తెలియదు. "కొంచెం విప్పి చూస్తే చాలదా?" అని అడుగుతారు. చాలదు. తుప్పు దాక్కునేది మీరు విప్పని చోటే.

జాగ్రత్త: మూసేసి ఉన్న ఉక్కు ట్యాంకుల్లోకి, కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన భాగం) గదిలోకి నేరుగా తల పెట్టకండి. ఉక్కు తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకుంటుంది. ఏళ్ళుగా బిగించి ఉన్న గదిలో ఊపిరి ఆడటానికి సరిపడా ఆక్సిజన్ ఉండకపోవచ్చు, వాసన కూడా ఏమీ రాదు. మనిషికి అనుమానం రాకముందే స్పృహ పోతుంది. మూత తీసి, ఫ్యానుతో బాగా గాలి ఆడించి, మీటర్‌తో చూసి, బయట ఒక మనిషిని నిలబెట్టాకే దిగండి. లోపలివాళ్ళు పడిపోతే బయటి మనిషి కూడా దూకకూడదు, సాయం పిలవాలి.

ఖాళీ అయ్యాక ఈ చోట్లు చూడండి: పడవ అట్టడుగు, అంటే బిల్జ్, గొలుసు గది, మరుగుదొడ్డి కింద, కిటికీల కింది అంచులు, డెక్ మీద టేకు చెక్క పరిచి ఉంటే దాని కింద, ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ, కీల్‌లో బరువు కోసం పోసిన సీసం, సిమెంటు అంచులు. సిమెంటుకీ ఉక్కుకీ మధ్య సందు కనిపిస్తే అందులోకి నీళ్ళు దిగి ఉన్నాయనే అనుకోవాలి.

ఫ్రేముల (ప్లేట్లకు లోపలివైపు పక్కటెముకల్లా ఉండే ఉక్కు పట్టీల) అడుగున నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పారడానికి చిన్న కన్నాలుంటాయి. ప్రతి కన్నంలోనూ తీగ దూర్చి చూడండి. మా పడవలో వంటగట్టు కింద ఒక ఫ్రేము వెనక అరచెయ్యంత చోట నీళ్ళు నిలిచి ఉన్నాయి. తీగతో పొడిస్తే కన్నంలోంచి ఒక పెన్సిల్ ముక్క బయటికొచ్చింది, దాని చుట్టూ తడిసి ముద్దయిన చెక్కపొట్టు. పడవ కట్టిన రోజుల్లో ఏ వడ్రంగి చేతిలోంచో జారి ఉంటుంది. పక్క ఫ్రేము దగ్గర ప్లేటు 3.8 మి.మీ. ఉంటే ఆ పెన్సిల్ ముక్క ఆపిన నీళ్ళ కింద 1.3 మిగిలింది.

3. సుత్తితో కొట్టండి, తర్వాత కొలవండి

ముందు సుత్తి. మంచి ప్లేటు మీద కొడితే ఖంగుమని మోగి సుత్తి వెనక్కి ఎగురుతుంది. పలచబడిన చోట మొద్దుగా డబ్ మంటుంది, సొట్ట పడుతుంది. భయపడి మెల్లగా కొట్టేవాళ్ళే ఎక్కువ. సుత్తికి కన్నం పడేలా ఉంటే అది ఒడ్డు మీదే పడటం మీ అదృష్టం. పడవ నీళ్ళలో ఉండగా మాత్రం ఈ పని చేయకండి.

లోపల వేలెడు మందం తుప్పు పెచ్చు ఊడి చేతికొస్తే కంగారుపడకండి. తుప్పు తాను తిన్న ఉక్కు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంత పెచ్చు కింద పోయింది మిల్లీమీటరో రెండో అయి ఉండొచ్చు. పెచ్చు పూర్తిగా తీసి, అప్పుడు కొలవండి.

ఇక గేజ్. ఈ సైజు పడవల్లో హల్ (పడవ ఒళ్ళు) ప్లేటు చాలావరకు 4 మి.మీ., డెక్ 3, కీల్ అడుగున 6 నుంచి 8 దాకా ఉంటుంది. మీ పడవ అసలు మందం తెలియకపోతే, పొడిగా ఉండే ఎత్తైన చోట నాలుగైదు కొలతలు తీస్తే తెలిసిపోతుంది. హల్ మీద సుద్దతో అడుగుకొక గీత చొప్పున గళ్ళు గీసి, ప్రతి గడిలో కొలిచి అక్కడే మార్కర్‌తో అంకె రాయండి. నీటిమట్టం దగ్గరా, బిల్జ్ దగ్గరా గళ్ళు ఇంకా చిన్నవి చేయండి. మామూలు గేజ్ మందపాటి రంగు మీద పెడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మందం బాగానే ఉందని మోసపోతారు. అలాంటి గేజ్ అయితే రూపాయి బిళ్ళంత మేర రంగు గీకి కొలవండి.

అసలు మందంలో నాలుగో వంతు పోయిందంటే ఆ ప్లేటు మార్చాల్సిందే. పడవలను పరీక్షించే సర్వేయర్లు కూడా ఇంచుమించు ఈ లెక్కే చూస్తారు. అక్కడక్కడా గుంటలు పడి, చుట్టూ మందం బాగుంటే గుంటను వెల్డింగ్‌తో నింపి చదును చేయొచ్చు.

కొనాలా వద్దా అని తేల్చుకోవాల్సింది ఇక్కడే. పలచబడిన ప్లేట్లు చెదురుమదురుగా ఉంటే పని అవుతుంది. కీల్ అడుగు, ఫ్రేముల మొదళ్ళు, డెక్ అంచు మూడూ పోయి ఉంటే మీరు బాగుచేయబోయేది పాత పడవ కాదు, కొత్తది కట్టడమే. ఎంత మనసుపడ్డా సరే, వదిలేయండి. బాధగానే ఉంటుంది, నేనూ ఒకదాన్ని అలాగే వదిలేసి వచ్చాను.

4. ఉప్పు కడగండి, పాత రంగు తీయండి

ముందు మంచినీళ్ళతో, గట్టి ప్రెషర్‌తో లోపలా బయటా కడగండి. ఉప్పు మిగిలిపోతే దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కుతుంది. ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి ఉక్కును శుభ్రం చేయడం) ఉప్పును తీసేస్తుందని చాలామంది అనుకుంటారు, నిజానికి గుంటల్లోకి ఇంకా కూరుతుంది. కడిగాకే బ్లాస్టింగ్.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అడుగుభాగాన నాచు పట్టకుండా వేసే రంగుల్లో ఒకప్పుడు టీబీటీ అనే విషం వాడేవారు, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2008 నుంచి ఓడల మీద అది నిషేధం. మీ పడవ అంతకన్నా పాతదైతే ఆ పొర ఇంకా ఉందనే అనుకుని, పొడిగా రుద్దకుండా తడిపి గీకండి. కింద టార్పాలిన్ పరిచి, రాలిన చెత్తంతా పోగుచేసి ప్రమాదకర వ్యర్థంగానే ఇవ్వండి.

5. కోయడం, వెల్డింగ్

మొదలుపెట్టే ముందు ఐదు పనులు, వీటిలో ఏదీ వదలకండి:

- బ్యాటరీలు బయటికి తీయండి, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయండి.
- వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పని చేసే చోటుకు దగ్గరగా తగిలించండి.
- వెల్డింగ్ చేసే చోటు చుట్టూ లోపలి ఫోమ్ కనీసం రెండు జానల మేర చెక్కేయండి. పాలీయురెథేన్ ఫోమ్ కాలితే వచ్చే పొగ ప్రాణం తీస్తుంది.
- చాలా ఉక్కు పడవల్లో డీజిల్ ట్యాంకు గోడ హల్ ప్లేటే. బయటినుంచి చూస్తే తెలియదు. ట్యాంకు కడిగించి, గ్యాస్ లేదని పరీక్ష చేయించకుండా ఆ ప్లేటును ముట్టుకోవద్దు.
- ఇంకో మనిషి లోపల మంట ఆర్పే సిలిండర్‌తో ఉండాలి, పని ఆపేశాక కూడా గంటసేపు కాపలా కాయాలి. ఫోమ్ లోపల నిప్పు రగులుతూ ఉండి, అందరూ భోజనానికి వెళ్ళాక అంటుకుంటుంది.

అందరూ చేసే తప్పు, పలచబడిన ప్లేటు మీద ఇంకో ప్లేటు అతికించేయడం. పని తొందరగా అవుతుంది, కానీ రెండింటి మధ్య తేమ చేరి అక్కడ తుప్పు పెరుగుతుంది, తర్వాత ఎవరూ చూడలేరు, కొలవలేరు. పైగా 4 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు సుమారు 31 కిలోలు తూగుతుంది, అతుకులు పెరిగేకొద్దీ పడవ కుంగుతుంది. పాడైన ముక్క కోసేసి, అదే మందం ప్లేటు ఆ కన్నంలో కూర్చి అతకండి. ఎక్కడో దూరాన ఉండి కారిపోతుంటే ఇంటికి చేరడానికి అతుకు వేసుకోవచ్చు, అది తాత్కాలికమని రాసిపెట్టుకుని వచ్చాక తీసేయండి.

కోసే కన్నానికి మూలలు గుండ్రంగా ఉండాలి, చిన్న గిన్నె బోర్లించి గీసినంత గుండ్రం. చదరపు మూల దగ్గర్నుంచే పగులు మొదలవుతుంది. కోత మంచి ఉక్కు దాకా వెళ్ళాలి. పలచటి అంచుకు వెల్డింగ్ చేస్తే కన్నం పెద్దదవడం తప్ప ప్రయోజనం ఉండదు. కొత్త ప్లేటు మీద నీలిబూడిద రంగు పొర మెరుస్తూ ఉంటుంది, దాన్ని మిల్ స్కేల్ అంటారు. అందంగా ఉంది కదా అని ఉంచితే దాని పక్కనున్న ఉక్కును గుంటలుగా తినిపిస్తుంది. పూర్తిగా తీసేయాలి.

ప్లేటు కూర్చాక ఒకే గీతలా చివరిదాకా వెల్డింగ్ లాగకండి, వేడికి ప్లేటు అలలు తిరుగుతుంది. ముందు చుట్టూ టాకాలు, తర్వాత ఎదురెదురు వైపుల జానెడు జానెడు చొప్పున, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక తర్వాతిది. ఓపిక లేకపోతే ఈ పని సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌కి ఇవ్వండి, కోతా శుభ్రమూ మీరు చేసి పెడితే ఖర్చు చాలా తగ్గుతుంది. వెల్డింగ్ మీకు కొత్తయితే నీటిమట్టం కింది భాగం మీరు చేయొద్దనే నా మాట.

ఎలా చెక్ చేయాలి: కిరోసిన్ పరీక్ష. అతుకు బయటివైపు సుద్దపొడి నీళ్ళలో కలిపి పూసి ఆరనివ్వండి. లోపలివైపు బ్రష్‌తో కిరోసిన్ ధారాళంగా పుయ్యండి. బయట తెల్లటి సుద్ద మీద సూదిమొనంత చుక్క నల్లబడి మెల్లగా పెద్దదైతే అక్కడ సందు ఉన్నట్టు. అరగంటైనా ఆగండి, సన్నటి సందులు వెంటనే బయటపడవు. ఆ చోట గ్రైండ్ చేసి, కిరోసిన్ పూర్తిగా తుడిచి, ఆవిరంతా పోయాకే మళ్ళీ వెల్డింగ్ చేయండి.

6. బ్లాస్టింగ్, రంగు

వెల్డింగ్ మొత్తం అయిపోయాకే ఇది. సగం పడవకు రంగు వేసి మిగతా సగం వెల్డింగ్ చేస్తే వేసిన రంగు కాలిపోతుంది. నా మొదటి ఏడాది పోయింది ఇలాగే.

బ్లాస్టింగ్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎస్‌ఏ రెండున్నర గ్రేడు కావాలని చెప్పండి. ఐఎస్ఓ 8501-1 ప్రమాణంలోని ఈ గ్రేడు అంటే ఉక్కు దాదాపు తెల్లగా వచ్చేదాకా శుభ్రం చేయడం. ఉపరితలం గరుకు 50 నుంచి 75 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు) ఉండాలి. బ్లాస్టింగ్ అయిన ఉక్కు గంటల్లోనే పసుపెక్కడం మొదలుపెడుతుంది, అందుకే ఒక్క పూటలో ప్రైమర్ వేయగలిగినంత మేరే బ్లాస్ట్ చేయించండి.

తేమ 85 శాతం దాటితే రంగు డబ్బా తెరవొద్దు. ఉక్కు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు పట్టే ఉష్ణోగ్రత సుమారు 26. ఉక్కు 29 కన్నా చల్లగా ఉందంటే ఆగాలి. పొద్దున్నే గాలి వేడెక్కినా ఉక్కు ఇంకా చల్లగానే ఉంటుంది, తప్పు జరిగేది ఎక్కువగా ఆ వేళలోనే.

ముందుగా పదును అంచులన్నీ గ్రైండర్‌తో గుండ్రం చేయండి, అంచు మీద రంగు పలచగా జారిపోతుంది. అంచులకు, వెల్డింగ్ గీతలకు, మూలలకు బ్రష్‌తో ఒక పూత వేసి, ఆ పైన మొత్తానికి ఎపాక్సీ ప్రైమర్ వేయండి. ప్రతి పూతకూ రంగు మార్చండి, ఒకటి బూడిద, ఒకటి ఎరుపు. అప్పుడు వదిలేసిన చోటు కంటికే తెలుస్తుంది. నీటిమట్టం కింద ఎపాక్సీ మొత్తం 300 నుంచి 500 మైక్రాన్ల దాకా రావాలి; మీ రంగు కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. తడి మందం, ఆరాక మందం ఒకటి కాదు. డబ్బా మీద ఘనపదార్థం 50 శాతం అని ఉంటే 200 మైక్రాన్లు తడిగా వేస్తే ఆరాక 100 మిగులుతుంది. పూతకూ పూతకూ మధ్య ఎన్ని గంటలు ఆగాలో ఎంత దాటకూడదో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. దాటిపోతే గరుకుకాగితంతో రుద్దాకే వేయాలి. ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలితే ముందు నీళ్ళతో కడగండి.

నాచు పట్టకుండా వేసే రంగులో రాగి ఉంటే, కింద ఎపాక్సీ పూర్తిగా పూడ్చి ఉండాలి. రాగి రంగు ఉక్కుకు నేరుగా తగలకూడదు.

బ్లాస్టింగ్ వీలుకాని చోట గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్ది, కడిగి, గీకిన ఉక్కు మీద కూడా పట్టే ఎపాక్సీ మాస్టిక్ వేయొచ్చు. లోపలి మూలలకు ఇది బాగానే పనిచేస్తుంది. తుప్పును మార్చేస్తామని అమ్మే ద్రావకాలు నీటిమట్టం కింద వాడకండి.

7. మిగతావి

ఇంజిన్ బిగుసుకుపోయి ఉంటే స్టార్టర్‌తో తిప్పాలని చూడకండి. ఇంజెక్టర్లు తీసి, సిలిండర్లలోకి పలచటి నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, స్పానర్ వేసి చేత్తో కొంచెం కొంచెంగా కదపండి. డీజిల్ పాతది వాడొద్దు, ట్యాంకు అడుగున నీళ్ళు, జిగురు ఉంటాయి.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు పదేళ్ళు దాటితే చూడ్డానికి మెరుస్తున్నా మార్చేయండి. తీగలు తగిలించే ప్లేట్లు డెక్‌కి అతుక్కున్న చోట వెల్డింగ్ పగుళ్ళు చూడండి. స్తంభం అల్యూమినియం అయితే ఉక్కుకు తగిలే ప్రతిచోటా ప్లాస్టిక్ ముక్క పెట్టండి. హల్‌కి ఉన్న కంచు వాల్వులు, అంటే సీకాక్‌లు ఉక్కుతో నేరుగా కలవకూడదు. ఇన్సులేషన్ వాషర్లు లేకపోతే మార్చండి.

8. కరెంటు, జింక్

ఉక్కు పడవలో హల్‌ని కరెంటు తీగలా వాడకూడదు, ప్రతి పరికరానికీ రెండు వైర్లూ విడిగా వెళ్ళాలి. చెక్ చేయడం సులువు: బ్యాటరీ ప్లస్‌కీ హల్‌కీ మధ్య చిన్న బల్బు పెట్టండి, తర్వాత మైనస్‌కీ హల్‌కీ మధ్య. రెండుసార్లూ వెలగకూడదు. వెలిగితే స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే దోషం ఎక్కడో దొరుకుతుంది. మసకగా వెలిగినా వదిలేయకండి.

ఉక్కు బదులు తామే తినబడి దాన్ని కాపాడే దిమ్మలు తగిలించాలి: ఉప్పునీటికి జింక్, మంచినీటికైతే మెగ్నీషియం. వాటి మీద రంగు వేయకూడదు. మల్టీమీటర్‌తో దిమ్మకీ హల్‌కీ మధ్య కొలిస్తే దాదాపు సున్నా ఓమ్ రావాలి.

9. నీళ్ళలోకి దించడం

దించే ముందు రోజు లోపల ప్రతి పల్లపు చోటా పాత న్యూస్‌పేపరు ముక్క పరవండి. క్రేన్ పట్టీలు వదలకుండానే పడవను నీళ్ళలో తేలనిచ్చి, లోపలికి దిగి పేపర్లు చూడండి. చెమ్మ ఎక్కడ మొదలైందో పేపరు మీద మచ్చ చూపిస్తుంది. షాఫ్ట్ గ్లాండ్ (షాఫ్ట్ బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా ఆపే బిగింపు), సీకాక్‌లు, కొత్త అతుకులు ఆ వరసలో చూడండి. కనీసం గంటసేపు పట్టీల్లోనే ఉంచమని క్రేన్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఆ రాత్రి పడవలోనే పడుకుని, రెండు గంటలకోసారి లేచి చూడండి.

నెల తర్వాత, ఉప్పునీటిలో అయితే, హాఫ్ సెల్‌ని పడవ పక్కన నీళ్ళలోకి వేలాడదీసి, దాన్నుంచి హల్‌కి మల్టీమీటర్‌తో కొలవండి. మైనస్ 0.80 నుంచి మైనస్ 1.05 వోల్టుల మధ్య ఉంటే జింక్ తన పని తాను చేస్తోంది. మైనస్ 0.65 లాంటి అంకె కనిపిస్తే ఉక్కుకు రక్షణ అందడం లేదు, దిమ్మలు చాలక కావచ్చు, బోల్టు దగ్గర కాంటాక్టు పోయి కావచ్చు. ముక్కు దగ్గర, మధ్యలో, చుక్కాని దగ్గర మూడుచోట్లా కొలిచి, తేదీతో పాటు నోటుపుస్తకంలో మందాల పట్టిక పక్క పేజీలోనే రాసుకోండి.